214వ పేరు

శ్రోతలకు నమస్కారం.

1996 జూన్ 11, మంగళవారం. మన గడియారాల్లో ఉదయం పదిన్నర దాటింది. జర్మనీలోని కొలోన్ నగరంలో అప్పుడే ఏడయింది. అమెరికాలోని మయామీలో మాత్రం అర్ధరాత్రి దాటి గంటా ఆరు నిమిషాలు. అక్కడ ముందురోజు రాత్రి మొదలైన ఐస్ హాకీ మ్యాచ్ ఒకటి ఇంకా తెమల్లేదు. రెండు జట్లూ ఒక్క గోల్ కూడా చేయలేదు. అప్పుడు కొలోన్‌లో పుట్టిన ఒక ఆటగాడు స్టిక్ ఎత్తి గట్టిగా ఒక్క దెబ్బ కొట్టాడు. అతని పేరు ఊవే క్రుప్.

మనలో చాలామంది ఈ ఆట చూసి ఉండరు. ఒక్కో జట్టుకి గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు, కాళ్ళకి స్కేట్లు, కింద మంచు. బంతి ఉండదు. పక్ అనే గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది. బరువు 170 గ్రాములు, అంటే క్రికెట్ బంతి కంటే కాస్త ఎక్కువ. ఆట ఎంత వేగంగా సాగుతుందంటే, ఎంత దిట్టమైన ఆటగాడైనా నిమిషానికి మించి ఆ ఊపులో ఉండలేడు. అందుకే ఆట ఆగకుండానే ఒకరు బెంచి మీదికి వస్తుంటారు, ఇంకొకరు లోపలికి దూకుతుంటారు.

క్రుప్ డిఫెండర్. ఆరడుగుల ఆరంగుళాల మనిషి. ఎదుటివాళ్ళని గోల్ దగ్గరికి రానివ్వకపోవడమే అతని పని. అమెరికా, కెనడా జట్లు ఆడే నేషనల్ హాకీ లీగ్‌లో 729 మ్యాచ్‌లు ఆడి 69 గోల్స్ మాత్రమే చేశాడు. డిఫెండర్ బాగా ఆడిన రోజున చెప్పుకోడానికి ఏమీ ఉండదు, ఎందుకంటే జరగాల్సిన ప్రమాదం జరగలేదు కదా. నాకు ఇలాంటి ఆటగాళ్ళంటే మొదటినుంచీ ఇష్టం.

ఆ లీగ్‌లో ప్రతి ఏటా క్లబ్బులు వంతులవారీగా కుర్రాళ్ళని ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. 1983లో బఫెలో సేబర్స్ క్లబ్ పదకొండో రౌండ్‌లో, ఇంకా పద్దెనిమిదేళ్ళు నిండని క్రుప్ పేరు చదివింది. వరసలో 214వ పేరు. అంత వెనక పిలుపొచ్చిన వాళ్ళలో చాలామందికి ఆ లీగ్‌లో ఒక్క మ్యాచ్ ఆడే అవకాశం కూడా రాదు. పైగా అప్పట్లో జర్మనీ కుర్రాడు అక్కడిదాకా వెళ్ళి నిలదొక్కుకోవడం చాలా అరుదు. క్రుప్ తొందరపడలేదు. మూడేళ్ళు కొలోన్‌లోనే ఆడి, సొంత క్లబ్‌తో 1984లో, 1986లో జర్మనీ చాంపియన్ అయ్యాకే సముద్రం దాటాడు. 1991 నాటికి అక్కడి మేటి ఆటగాళ్ళు ఆడే ఆల్‌స్టార్ మ్యాచ్‌లో ఉన్నాడు. 2014 డ్రాఫ్ట్‌లో అదే కొలోన్‌లో పుట్టిన లియోన్ డ్రైజైట్ల్ పేరు మూడో స్థానంలోనే పిలిచారు. 214 నుంచి మూడుకి రావడానికి 31 ఏళ్ళు పట్టింది.

బఫెలో తర్వాత న్యూయార్క్, ఆ తర్వాత క్విబెక్. 1995లో క్విబెక్ క్లబ్ మొత్తం డెన్వర్‌కి మారి కొలరాడో అవలాంచ్ అయింది. కొత్త ఊళ్ళో కొత్త సీజన్. ఆ సీజన్ మొదటి మ్యాచ్‌లోనే క్రుప్ మోకాలి లిగమెంట్ తెగింది. అప్పటికి అతనికి 30 ఏళ్ళు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ దెబ్బ తగిలి ఉంటే తెలుస్తుంది, మామూలుగా మెట్లు దిగడానికే ఎన్ని వారాలు పడుతుందో. ఇతను మళ్ళీ మంచు మీద వేగంగా పోతూ, ఉన్నట్టుండి వెనక్కి తిరగాలి. ఎదుటివాళ్ళు వచ్చి గుద్దితే తట్టుకోవాలి. అక్టోబరులో పడ్డవాడు ఏప్రిల్‌లో తిరిగొచ్చాడు. 82 మ్యాచ్‌ల లీగ్ దశలో ఆడింది ఆరే. కానీ అసలైన నాకౌట్ దశకి అందుకున్నాడు.

జూన్‌లో ఆ లీగ్ విజేతని తేల్చే స్టాన్లీ కప్ ఫైనల్. ఏడు మ్యాచ్‌ల్లో ముందుగా నాలుగు గెలిచిన జట్టుదే కప్పు. ఫ్లోరిడా పాంథర్స్ మీద కొలరాడో అప్పటికే మూడు గెలిచింది. నాలుగోది మయామీలో. 60 నిమిషాలయ్యాక కూడా సమంగా ఉంటే ఇరవయ్యేసి నిమిషాల ఓవర్‌టైమ్‌లు ఆడిస్తారు. మొదట గోల్ కొట్టినవాడితో ఆట అయిపోతుంది. ఆ టెన్షన్ ఊహించుకోండి. ఒక ఓవర్‌టైమ్ అయింది, రెండోదీ అయింది. కొలరాడో గోల్‌కీపర్ పాట్రిక్ రువా ఆ రాత్రి 63 షాట్లు ఆపాడు. అవతల జాన్ వాన్‌బీస్‌బ్రూక్ 55 ఆపాడు. పాంథర్స్ అభిమానులకి ఆ ఏడాది ఒక అలవాటుండేది. తమ జట్టు గోల్ చేస్తే ప్లాస్టిక్ ఎలుకల్ని మైదానంలోకి విసిరేవారు. గోల్ పడితే కదా, ఎలుకలు విసరడానికి!

మూడో ఓవర్‌టైమ్. ఆట మొదలై 104 నిమిషాల 31 సెకన్లు. కుడివైపు, గోల్‌కి బాగా దూరంగా ఉన్న క్రుప్ దగ్గరికి పక్ వచ్చింది. బలంగా కొట్టాడు. 55 షాట్లు ఆపినవాడు యాభయ్యారోది ఆపలేకపోయాడు. కొలరాడో రాష్ట్రానికి పెద్ద ప్రొఫెషనల్ లీగుల్లో అదే మొట్టమొదటి టైటిల్.

ఆ తర్వాత అతని ఆట సాఫీగా సాగలేదు. 1998లో డెట్రాయిట్ వెళ్ళాడు. 22 మ్యాచ్‌లయ్యాక వెన్ను దెబ్బతింది. రెండు సీజన్లు పూర్తిగా పోయాయి. 2003తో ఆట ఆపేశాడు.

2005 చివర్లో జర్మనీ జాతీయ జట్టు కోచ్‌గా వచ్చాడు. అప్పటికి ఆ జట్టు ప్రపంచ చాంపియన్‌షిప్ పై శ్రేణి నుంచి జారిపోయి ఉంది. మరుసటి ఏడాదే దాన్ని మళ్ళీ పైకి తెచ్చాడు. 2010 ప్రపంచ చాంపియన్‌షిప్ జర్మనీలోనే జరిగింది. తొలి మ్యాచ్ గెల్సెన్‌కిర్షెన్‌లోని ఫుట్‌బాల్ స్టేడియంలో మంచు పరిచి ఆడించారు. 77,803 మంది వచ్చారు. అమెరికా మీద జర్మనీ 2-1తో, అదీ ఓవర్‌టైమ్‌లోనే గెలిచింది.

సెమీఫైనల్ రష్యాతో. వేదిక కొలోన్. క్రుప్ పుట్టిన ఊరు. జర్మనీదే మొదటి గోల్. రష్యా సమం చేసింది. ఇంకో రెండు నిమిషాలు కూడా లేవనగా పావెల్ దత్సుక్ రష్యాకి రెండో గోల్ కొట్టాడు. బెంచి వెనక నిలబడి చూడటం తప్ప, ఈసారి క్రుప్ చేతిలో స్టిక్ లేదు. జర్మనీ ఆ టోర్నీలో నాలుగో స్థానంలో నిలిచింది. 1953 తర్వాత ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఆ దేశం అంత ముందుకు రావడం అదే మొదటిసారి.

నమస్కారం.