లిథియం వేసుకునేవాళ్లకు బీపీ మాత్ర మారితే: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: తిరుపతి నుంచి నమస్కారం. మనతో సైకియాట్రిస్టు డాక్టర్ గారు ఉన్నారు. మొదటి కాల్ చంద్రగిరి నుంచి. చెప్పండమ్మా.

కాలర్: మా అన్న గురించి సార్. బైపోలార్ ఉంది, అదే మూడ్ బాగా పైకీ కిందికీ మారిపోయే మనసు జబ్బు. చాలా ఏళ్లుగా లిథియం వేసుకుంటా బాగానే ఉన్నాడు. పోయిన నెల బీపీకి కొత్త మాత్ర రాశారు. ఇప్పుడు చేతులు ఒకటే వణుకు. కాఫీ గ్లాసు పట్టుకుంటే చొక్కా మీద ఒలికిపోతా ఉంది.

డాక్టర్: లిథియంతో సన్నటి వణుకు మామూలే. ఇది అంతకంటే ఎక్కువలా ఉంది. విరేచనాలు, తూలడం ఉన్నాయా?

కాలర్: నిన్నటి నుంచి మోషన్స్. నడిస్తే తూలుతున్నాడు, మాట కూడా ముద్దముద్దగా వస్తోంది.

డాక్టర్: బీపీ మాత్రల అట్ట తెచ్చి, చిన్న అక్షరాలు కూడా చదవండి.

కాలర్: టెల్మిసార్టన్ 40... దాని కింద హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 అని ఉంది సార్.

డాక్టర్: రెండూ లిథియంను పెంచేవే. రాత్రి లిథియం వేయకండి, ఆ బీపీ మాత్రా వేయకండి. ఇప్పుడే రుయా క్యాజువాలిటీకో, దగ్గర్లోని పెద్దాసుపత్రికో తీసుకెళ్లండి.

కాలర్: రేపు పొద్దున మా డాక్టరుకి చూపిస్తే...

డాక్టర్: వద్దమ్మా, తెల్లారేదాకా ఆగొద్దు. 108కి చేయండి. మాత్రల అట్టలన్నీ తీసుకెళ్లి, చివరి లిథియం ఎన్ని గంటలకు వేసుకున్నాడో చెప్పండి. రక్తంలో లిథియం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, సోడియం చూడమని అడగండి. ఫోన్ పెట్టేసి బయల్దేరండి.

యాంకర్: డాక్టర్ గారూ, బీపీ మాత్రకూ దీనికీ సంబంధం ఏమిటి?

డాక్టర్: లిథియం బయటికి పోయేది కిడ్నీల గుండానే. ఆ అట్ట మీది హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి థయజైడ్ రకం మాత్ర మూత్రంలో ఉప్పును ఎక్కువగా పంపేస్తుంది. ఒంట్లో ఉప్పు తగ్గిందని కిడ్నీ సోడియంను వెనక్కి లాక్కుంటుంది, దాంతోపాటు లిథియంనూ లాక్కుంటుంది. మోతాదు మారకపోయినా రక్తంలో పాళ్లు పెరుగుతాయి. మామూలుగా 0.6 నుంచి 1.0 మధ్య ఉంచుతాం. 1.5 దాటితే ప్రమాదం. కొందరికి, ముఖ్యంగా పెద్దవాళ్లకు, అంతకంటే తక్కువలోనే లక్షణాలు వస్తాయి. బీపీకి ఆమ్లోడిపిన్ లాంటివి ఉన్నాయి కదా, లిథియం సంగతి చెబితే ఆ డాక్టరే వేరేది ఆలోచిస్తారు. చెప్పకపోతే ఆయనకెలా తెలుస్తుంది? నాకు బాధ కలిగించేది ఇదే. మనసు జబ్బు మాత్రలని చీటీ దాచేస్తారు. దయచేసి దాచకండి.

యాంకర్: థయజైడ్ తప్పనిసరి అయితే?

డాక్టర్: ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని లిథియం మోతాదు తగ్గిస్తారు. వారం లోపు రక్తపరీక్ష, చివరి లిథియం మాత్ర వేసుకున్న 12 గంటలకు. ఫ్యూరోసెమైడ్ అనే ఇంకో రకం మూత్రం మాత్రతో ఇబ్బంది తక్కువే, అయినా పరీక్ష మానకూడదు.

యాంకర్: చిత్తూరు నుంచి ఇంకో కాల్.

కాలర్: సార్, నేను లిథియం వేసుకుంటాను, బీపీ లేదు. అలిపిరి మెట్లెక్కే మొక్కుంది. ఉపవాసంతో ఎక్కొచ్చా?

డాక్టర్: 3,550 మెట్లు నాయనా. చెమటతో నీళ్లూ ఉప్పూ పోతే లిథియం పెరుగుతుంది. ఉపవాసం వద్దు. ముందు మీ డాక్టరుని అడగండి. ఎండ లేని వేళ ఎక్కండి, ఉప్పు వేసిన మజ్జిగ తాగుతా ఉండండి. మోకాళ్ల నొప్పులని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వేసుకోకండి, అవీ లిథియంను పెంచుతాయి. పారాసిటమాల్ వేసుకోవచ్చు.