నిద్ర పట్టట్లేదని డాక్టరుకి చెప్పండి

(పర్లాకిమిడిలో గిడుగు జయంతి సభ ప్రసంగ పాఠం)

అధ్యక్షులకీ, వేదిక మీది పెద్దలకీ, పనులు మానుకుని వచ్చిన అప్పలకీ చెల్లెళ్ళకీ నమస్కారం.

గిడుగు రామమూర్తి గారి గురించి మాట్లాడమని పిలిచారు. 1880లో ఈ ఊళ్ళో బడిపంతులుగా చేరారాయన. ఇక్కడి కొండల్లో ఉండే సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారు. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని క్వినైను మింగారు. జ్వరం తగ్గింది, చెవులు పోయాయి. ఏటా వింటున్న కథే. ఈ ఏడు నా మనసు మాత్రం ఆ క్వినైను దగ్గరే ఆగిపోయింది. ఒకచోట ప్రాణం నిలిపే మందు ఇంకోచోట ఏదో పట్టుకుపోతుంది. మా అప్ప దగ్గర్నించి నిద్రని పట్టుకుపోయింది.

అప్పకి రొమ్ము క్యాన్సరు. 21 రోజులకోసారి రైలెక్కి పట్నం వెళ్ళి కీమో ఎక్కించుకుని వచ్చేవాళ్ళం. రెండో రకం మందు డోసిటాక్సెల్ మొదలెట్టాక, ఒళ్ళు వాయకుండా, ఎలర్జీ రాకుండా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర ఇచ్చారు. 8 మిల్లీగ్రాములు, రోజుకు 2 సార్లు, కీమో ముందురోజు నుంచి 3 రోజులు. కవరు మీద ఇంగ్లీషులో 'బీడీ' అని రెండక్షరాలు. అంటే రెండు పూటలని ఎవరో చెప్పారు. పొద్దున్న టిఫినయ్యాక ఒకటి, రాత్రి అన్నం తిన్నాక తొమ్మిదింటికి ఒకటి వేశాం.

ఆ రాత్రి రెండింటికి వంటింట్లో చేట చప్పుడు. లేచి వెళ్ళాను. అప్ప తలకి తువ్వాలు చుట్టుకుని, నేల మీద కూర్చుని బియ్యం చెరుగుతోంది. సాయంత్రం చెరిగేసిన బియ్యమే. మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"ఇంకా రాళ్ళున్నాయా అప్పా?" అన్నాను.

"రాళ్ళు లేవు తమ్ముడా, నిద్దరే లేదు" అంది.

దిగులనుకున్నాం. చుట్టాలు అశ్వగంధ తెచ్చారు. డాక్టరు "ఎలా ఉన్నారమ్మా?" అంటే అప్ప "బాగానే ఉన్నాను బాబూ" అనేది. ప్రాణం మీదికొచ్చిన జబ్బుకి వచ్చి నిద్ర గురించి చెప్పుకుంటారా అని ఆవిడ మొహమాటం. నేనూ పక్కనే నిలబడి నోరు విప్పలేదు. అలా మూడు విడతలు అయిపోయాయి. నాలుగోసారి ఒక నర్సమ్మ "రెండో మాత్ర ఏ టైముకి వేస్తున్నారు?" అని అడిగింది. ఆ ఒక్క మాట మొదటిరోజే అడిగుంటే! రాత్రి వేసే ఆ స్టెరాయిడే నిద్ర చెడగొడుతోందని, డాక్టరుతో మాట్లాడి, రెండోది మధ్యాహ్నం 2 లోపు వేసెయ్యమన్నారు.

ఆ రాత్రి అప్ప పదకొండు నుంచి మూడున్నర దాకా పడుకుంది. అంతే. ఆ మందు పని ఒంట్లో 36 గంటలు దాటినా ఉంటుందట, అందుకని మొత్తం బాగైపోయిందని చెప్పను. కానీ చేట చప్పుడు ఆగింది. దయచేసి నా మాట విని మీ అంతట మీరు మాత్ర మానెయ్యకండి, టైము మార్చకండి. అది మానేస్తే కీమో పడకపోవచ్చు. అడిగి మార్చుకోండి.

మీ ఇళ్ళల్లో కీమో చేయించుకున్నవాళ్ళు ఎందరున్నారు? చెయ్యెత్తండి. ... ఇంతమందా. వాళ్ళలో నిద్ర సంగతి డాక్టరుకి చెప్పిందెవరు?

అందరికీ కారణం ఈ మాత్రే కాదు. నొప్పి, అరికాళ్ళ మంటలు, నెలసరి ఆగిపోయి వచ్చే ఆవిర్లు, మాటిమాటికీ ఒంటేలుకి లేవడం. దేని వైద్యం దానికుంది. చలీ వణుకూ వచ్చి మెలకువైతే మాత్రం అది నిద్ర సంగతి కాదు. జ్వరం 100.4 ఉంటే తెల్లారేదాకా ఆగకండి, అప్పుడే ఆసుపత్రికి వెళ్ళండి.

షాపులో నిద్రమాత్ర అడిగి తెచ్చుకోకండి. నీరసంగా ఉన్న మనిషి ఆ మత్తులో లేచి పడిపోతే తుంటి విరుగుతుంది. నెలల తరబడి నిద్ర పట్టనివాళ్ళకి ముందు మాత్ర కాదు, సీబీటీ-ఐ అనే పద్ధతి చెప్పాలని అమెరికా ఫిజీషియన్ల కాలేజీ 2016లోనే అంది. అందులో చాలా మటుకు అలవాట్లే. ఎప్పుడు పడుకున్నా పొద్దున్న ఒకే వేళకి లేవడం. కునుకొచ్చాకే మంచమెక్కడం. ఇరవై నిమిషాలైనా పట్టకపోతే ఎవరైనా చెయ్యందిస్తే లేచి కాసేపు వేరేచోట కూర్చోవడం. పగలు అరగంటకి మించి, మూడు దాటాక అసలే పడుకోకపోవడం. కీమో నీరసంలో ఈ చివరిది చాలా కష్టం, నాకు తెలుసు. అప్పని లేపలేక ఎన్నోసార్లు ఊరుకున్నాను. అశ్వగంధ సంగతీ డాక్టరుకి చెప్పండి. దానివల్ల కాలేయం దెబ్బతిన్నవాళ్ళున్నారు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. గిడుగు వారి మాటకే వస్తున్నాను. జనం మాట్లాడే మాటలోనే రాయాలని ఆయన జీవితమంతా పోరాడారు. మా కవరు మీద రెండక్షరాల బదులు 'మధ్యాహ్నం 2 లోపు' అని ఉంటే మా అప్పకి అన్ని రాత్రులు దక్కేవి.

వెనక వరసలో మందుల షాపులవాళ్ళు కూర్చున్నారు. బాబూ, మిమ్మల్నే. డాక్టరు చీటీలో టైము లేకపోతే ఫోను చేసి కనుక్కోండి. తెలుగువాళ్ళకి తెలుగులో, ఒడియావాళ్ళకి ఒడియాలో కవరు మీద రాయండి. కొండ మీంచి సవరవాళ్ళు వస్తే కూర్చోబెట్టి, సూర్యుణ్ణి చూపించి చెప్పండి. పెన్నులు నేను కొనిస్తాను. రేపటినుంచే మొదలెట్టండి.