ఘోషాసుపత్రి తెలిస్తే ఈ మర్డర్ మిస్టరీ అర్థమవుతుంది

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో ఒక్క ప్రశ్నకే సమాధానం చెబుతాను. చాలా రోజులుగా నన్ను ఇబ్బంది పెడుతున్న ప్రశ్న అది.

సుజాతా మాస్సీ 2018లో రాసిన 'ది విడోస్ ఆఫ్ మలబార్ హిల్' అనే డిటెక్టివ్ నవల గురించి ఎవరికి చెప్పినా చివరికి ఒకటే మాట అంటున్నారు. "బాగానే ఉందండీ, కానీ 1921 బొంబాయిలో ఆడ లాయరు, పైగా డిటెక్టివ్! ఈ కాలం వాళ్లకి నచ్చాలని పెట్టి ఉంటారు. ఆవిడ బదులు మగ లాయర్ని పెట్టినా కథ ఇదేగా?"

ఎలా అవుతుందండీ? మగ లాయర్ని పెడితే కథ జరిగే బంగళా ముందు హాల్లోనే అది ఆగిపోతుంది. ఎందుకో చెప్పాలంటే ముందు మనం విశాఖపట్నం వెళ్లాలి.

వైజాగ్ వాళ్లకి ఇది తెలిసిందే. అక్కడి ప్రభుత్వ విక్టోరియా ఆసుపత్రిని జనం ఘోషాసుపత్రి అనే అంటారు. ఘోషా అంటే పరదా. మగ డాక్టరు ఎదుటికి రాని ఆడవాళ్ల కోసం ఆ రోజుల్లో ఇలాంటి ఆసుపత్రులు, వాటికోసం ఆడ డాక్టర్లు కావాల్సి వచ్చింది. అంతకుముందు పరదా పాటించే పెద్దిళ్లలో వైద్యం ఎలా ఉండేదో ఒకసారి ఊహించండి. తెర అవతల రోగి. తెర సందులోంచి చెయ్యి ఒక్కటే బయటికి వస్తుంది. డాక్టరు ఆ మణికట్టు పట్టుకుని, నాడి చూసి, మందు చెప్పాలి. నాలుక చూడలేడు. కళ్లు చూడలేడు. ఎక్కడ నొప్పి అని అడిగితే జవాబు ఇంట్లో మగవాళ్లు చెబుతారు.

తెర బయటికి వచ్చిన ఆ చెయ్యిని గుర్తు పెట్టుకోండి. మళ్లీ మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు నవల. ఒమర్ ఫరీద్ అనే మిల్లు యజమాని చనిపోతాడు. ముగ్గురు భార్యలు, రజియా, సకీనా, ముంతాజ్. ముగ్గురూ పరదాలోనే ఉంటారు. జనానా, అంటే ఆడవాళ్లుండే లోపలి భాగం, దాటి రారు. వాళ్ల తరఫు వ్యవహారాలన్నీ చూసేది ముక్రీ అనే మనిషి. ఒకరోజు లాయరు ఆఫీసుకి కాయితాలు వస్తాయి. మాకు రావలసిన సొమ్మంతా వక్ఫ్‌కి, అంటే ధర్మకార్యాల కోసం పెట్టిన నిధికి, ఇచ్చేస్తున్నాం అని ముగ్గురూ ఒప్పుకున్నట్టు. ఆ ఆఫీసు జంషెడ్జీ మిస్త్రీది. ఆయన కూతురు పర్వీన్ అక్కడే పనిచేస్తుంది. మన డిటెక్టివ్ ఈవిడే.

పర్వీన్ సంతకాలు చూస్తుంది. ఒకచోట సంతకం లేదు, ఎక్స్ గుర్తు ఉంది. మన భాషలో నిశాని. రిజిస్ట్రేషన్ ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకి ఈ మాట బాగా తెలుసు. నిశాని పడిన కాయితం చూడగానే అడగాల్సింది ఒకటే: దీన్ని ఆవిడకి చదివి వినిపించింది ఎవరు? ఏమని వినిపించారు?

ఆ నిశానే మన చెయ్యి! ఆ ముగ్గురి జీవితంలోంచి తెర బయటికి వచ్చింది అదొక్కటే. మిగతావాళ్లు ఆ చెయ్యి చూసి "అమ్మగారు క్షేమం" అని ఫైలు మూసేసేవాళ్లు. పర్వీన్ నాడి పట్టుకుంది. నాకు ఈ పుస్తకంలో అన్నిటికంటే నచ్చిన చోటు ఇది. హత్య ఇంకా జరగనే లేదు, అయినా నేను కుర్చీ అంచుకి వచ్చేశాను.

ఆ టెన్షన్ ఎందుకో అర్థం కావాలంటే లెక్క తెలియాలి. ముస్లిం వారసత్వ చట్టంలో పిల్లలున్న మనిషి చనిపోతే భార్యలందరికీ కలిపి ఎనిమిదో వంతు. ముగ్గురుంటే ఆ ఎనిమిదో వంతునే ముగ్గురూ పంచుకోవాలి. అంటే ఒక్కొక్కరికి 24లో ఒక వంతు. దీనికి మెహర్, అంటే పెళ్లప్పుడు భర్త భార్యకి ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము, వేరు. అది భర్త బాకీ లాంటిది, ఆస్తి పంపకాలకు ముందే తీర్చాలి. బయటికెళ్లి సంపాదించుకునే దారి లేని మనిషికి ఈ రెండే ఆధారం. వాటిని ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాం అని ముగ్గురూ ఒకేసారి రాశారంటే నమ్మబుద్ధవుతుందా? రేపటి నుంచి పిల్లలకి అన్నం ఎక్కడి నుంచి వస్తుంది?

అందుకే పర్వీన్ స్వయంగా బొంబాయి మలబార్ హిల్‌లో ఉన్న ఫరీద్ బంగళాకి వెళుతుంది. ఆడమనిషి కాబట్టి తెర లోపలికి వెళ్లి కూర్చుంటుంది. ముగ్గురితో విడివిడిగా మాట్లాడుతుంది. విడివిడిగా మాట్లాడటం చాలా ముఖ్యం, ఎందుకంటే కాయితం మీద ముగ్గురూ ఒకే మాట మీద ఉన్నారు. ఆ తర్వాత ముక్రీ హత్యకు గురవుతాడు. పోలీసులు వస్తారు. ఇప్పుడు చెప్పండి, వాళ్లు ఎవరిని ప్రశ్నిస్తారు? ఆసుపత్రుల్లో ఘోషాసుపత్రి వచ్చింది గానీ ఘోషా పోలీస్ స్టేషన్ రాలేదు కదా. ఇన్‌స్పెక్టరు కూడా ఆ పాతకాలపు డాక్టరులాగే తెర బయట నిలబడిపోవాలి. ఆడవాళ్లని లోపల ఉంచిన తెరే ఈ ఒక్క ఆడమనిషికి దారి అయింది. ఇంత గట్టిగా అల్లుకున్న కథలో డిటెక్టివ్‌ని మార్చేస్తే ఇంకేం మిగులుతుంది?

ఇక "1921లో ఆడ లాయరా" అన్న మాట. రచయిత్రికి స్ఫూర్తి ఇద్దరు నిజమైన మనుషులు. ఒకరు కొర్నేలియా సొరాబ్జీ, 1866లో నాసిక్‌లో పుట్టారు. 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్రం పరీక్ష రాశారు. అప్పట్లో ఆడవాళ్లకి అక్కడ డిగ్రీ ఇచ్చేవారు కాదు. చేతికి పట్టా వచ్చింది 1922లో. ముప్పై ఏళ్లు! ఆ మధ్యలో ఆవిడ చేసిన ఉద్యోగం చూడండి. 1904 నుంచి బెంగాల్ కోర్ట్ ఆఫ్ వార్డ్స్ (సొంతంగా చూసుకోలేని వారసుల ఎస్టేట్లని చూసే ప్రభుత్వ శాఖ) తరఫున పరదాలో ఉన్న జమీందారీ ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్ల ఆస్తి గొడవలు విని, సలహా ఇవ్వడం. చెయ్యి బయటికి చాపించకుండా తనే తెర లోపలికి వెళ్లిన మనిషి. రెండోవారు మిఠాన్ టాటా లామ్, బొంబాయి హైకోర్టులో ప్రాక్టీసు చేసిన మొదటి మహిళ.

మన దేశంలో ఆడవాళ్ల లాయరు వృత్తికి అడ్డం తీసేసిన చట్టం 1923లో వచ్చింది. కథ 1921లో. అందుకే పర్వీన్ కోర్టులో వాదించదు. కాయితాలు చూస్తుంది, క్లయింట్లతో మాట్లాడుతుంది. రచయిత్రి తారీఖుల్ని అంత జాగ్రత్తగా చూసుకున్నారు. అలాంటి పుస్తకాన్ని చదవకుండానే "ఫ్యాషన్ కోసం పెట్టారు" అంటే నాకు బాధేస్తుంది.

టైము అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. హంతకుడెవరో చెప్పను, అడగకండి. ఇలాంటి మిస్టరీల్ని కోజీ అంటారు, కోజీ అంటే తేలిక అని కొందరు అనుకుంటున్నారు. రక్తపాతం కళ్ల ముందు చూపించరు, అంతే. తర్వాతి మూడు పుస్తకాలు 2019, 2021, 2023లో వచ్చాయి, వరసలోనే చదవండి.

చివరగా, కలకత్తా అధ్యాయాలు. కథ మధ్యలో 1916కి వెనక్కి వెళుతుంది, పర్వీన్ పెళ్లి సంగతులు వస్తాయి. హత్య కథకి అడ్డం అని వాటిని దాటేసినవాళ్లు ఉన్నారు. దయచేసి దాటేయకండి. ఆ అత్తవారింట్లో నెలసరి రోజుల్లో పర్వీన్‌ని ఒక గదిలో విడిగా ఉంచుతారు. తలుపు అవతల మనుషుల గొంతులు వినబడుతుంటాయి. ఈమె గొంతు ఎవరికీ పట్టదు. అయిదేళ్ల తర్వాత మలబార్ హిల్ బంగళాలో ముగ్గురు ఆడవాళ్ల ఎదురుగా కూర్చున్నది ఆ గదిలో ఉండి వచ్చిన మనిషి.