గెట్టు అవతలి చైనా

శ్రోతలకు నమస్కారం.

మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వెళ్తే, గేటు దగ్గరే ఘాటు ముక్కుకు తగులుతుంది. తేజ రకం తెచ్చిన రైతును రేటు ఎట్లుందని అడగండి. "చైనా ఆర్డర్లు వస్తే పెరుగుతది" అంటాడు. మన తేజ మిర్చిని బాగా కొనే దేశాల్లో చైనా ఒకటి.

ఆ చైనాతోనే మనకు, మన లెక్కలో, 3,488 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. 1962లో యుద్ధం జరిగింది. రెండు దేశాల అధీనంలోని భూములను విడదీసే వాస్తవాధీన రేఖ ఎక్కడుందన్న దానిపై ఈ రోజుకూ ఏకాభిప్రాయం లేదు.

మన లక్నేపల్లిలో పుట్టి, వంగరలో పెరిగి, హనుమకొండ ఎంపీగా గెలిచిన పీవీ నరసింహారావు 1991లో ప్రధాని అయ్యారు. అప్పటికి ఖజానాలో డాలర్లు అడుగంటాయి. కొన్ని నెలలకే సోవియట్ యూనియన్ కూలింది. అట్లాంటప్పుడు 1993 సెప్టెంబరులో ఆయన బీజింగ్ వెళ్లి శాంతి ఒప్పందం చేసుకున్నారు. వివాదం తేలేదాకా రేఖను ఇద్దరూ గౌరవించాలి, బలప్రయోగం ఉండకూడదు. గెట్టు పంచాయితీలు తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. సర్వేయర్ కొలిచేదాకా ఎవరి చేను వాళ్లు దున్నుకోవాలి కదా! ఆ రోజుల్లోనే ఆయన ఆగ్నేయాసియా దేశాలతో స్నేహం పెంచే 'లుక్ ఈస్ట్' విధానం కూడా మొదలుపెట్టారు. ఒక చేత్తో శాంతి, రెండో చేత్తో కొత్త దోస్తులు. అది పిరికితనమని నేను అనుకోను. అది మనకు టైమ్ సంపాదించి పెట్టింది.

ఆ టైమ్‌ను మనకంటే చైనా బాగా వాడుకుంది. నా బాధంతా అదే. 1990 ప్రాంతంలో రెండు దేశాల ఆర్థిక వ్యవస్థలు దాదాపు సమానం. ఇప్పుడు వాళ్లది మన కంటే నాలుగు రెట్లకు పైనే. 2024-25లో వాళ్లతో మన వాణిజ్య లోటు సుమారు 99 బిలియన్ డాలర్లు. మనం మిరపకాయలు పంపుతున్నాం, మందుల తయారీకి ముడిసరుకు అక్కడి నుంచి తెచ్చుకుంటున్నాం.

2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో 20 మంది మన సైనికులు అమరులయ్యారు. వారిలో కర్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ. ఆ వార్త విన్న రోజు ఇక్కడ అన్నం సహించని ఇళ్లు ఎన్నో. 2024 అక్టోబరులో సరిహద్దు గస్తీపై చైనాతో మళ్లీ ఒప్పందం కుదిరింది. అది మంచిదే. కానీ ఈసారి దొరికిన టైమ్‌ను ఫ్యాక్టరీల మీద పెట్టాలి.

మన దగ్గర పండే పత్తి ఇక్కడే బట్ట కావాలని గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ టెక్స్‌టైల్ పార్కు పెట్టారు. అటువైపు వెళ్లినప్పుడల్లా అక్కడ దిగే మెషీన్ల మీద ఏ దేశం పేరుందోనని చూస్తుంటాను.