ఇంపార్టెంట్ క్వశ్చన్లు చెప్పమనకండి
(గుంటూరులో ఇంజనీరింగ్ అధ్యాపకులు, విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న సాటి మాస్టార్లకు, వెనక వరుసల్లో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పమని చీటీ ఇచ్చారు. ఒక పేరు చెప్పి ఇంకో పేరు మర్చిపోతే రేపటి నుంచి గుంటూరులో తిరగలేను. అందుకని అందరికీ కలిపి ఒకటే దండం.

నాకిచ్చిన అంశం ‘కృత్రిమ మేధ, ఉద్యోగావకాశాలు’. దాని మీద మాట్లాడేవాళ్లు ఇప్పుడు వీధికొకరున్నారు. నేను థియరీ చెప్పి బతికినవాణ్ని. ఆటోమాటా, కంప్యుటేషన్, అల్గారిథమ్స్. పిల్లల భాషలో బ్యాక్‌లాగ్ సబ్జెక్టులు, అంటే తప్పి మిగిలిపోయేవి. నిర్వాహకులు ఏమీ అనుకోకపోతే వాటి గురించే మాట్లాడతాను. అనుకున్నా అంతే.

ఏ సెక్షన్‌కి వెళ్లినా మొదటి వారంలోనే ఒక గొంతు లేస్తుంది. “సార్, ఇంపార్టెంట్ క్వశ్చన్లు చెప్పండి సార్.” చెబితే ఏమవుతుందో మీకు తెలుసు. ‘ఏ’ అనే అక్షరాలు ఎన్ని ఉంటే ఆ వెనక ‘బీ’ అనే అక్షరాలు అన్నే ఉండాలి, ఈ భాషని ఫైనైట్ ఆటోమేటన్, అంటే పరిమితమైన జ్ఞాపకమే ఉన్న ఊహా యంత్రం, గుర్తించలేదు, పంపింగ్ లెమ్మా అనే సూత్రంతో చూపించండి అంటే కామాతో సహా రాస్తారు. అదే లెక్కలో ఏ, బీ తీసేసి సున్నాలు, ఒకట్లు పెట్టి ఇచ్చాను ఒకసారి. సగం తరగతి పెన్ను కింద పెట్టేసింది. “సిలబస్‌లో లేదు సార్!”

పిల్లల్ని తప్పు పట్టను. బట్టీ కొడితే పాసయ్యేలా పేపరు ఇచ్చింది ఎవరు? ముందు వరుసలో కూర్చున్న మనమే.

నాకు థియరీ మీద ఎందుకింత పట్టుదల అంటే, కాలేజీ మొత్తంలో మాస్టారి పెద్దరికం చెల్లని చోటు అదొక్కటే. ఫలానా లైబ్రరీలో ఈ ఫంక్షన్ ఇలా ఎందుకుంది అని అడిగితే, తయారుచేసినవాళ్లు అలా పెట్టారమ్మా అని తప్పించుకోవచ్చు. నిరూపణ దగ్గర ఆ పప్పులుడకవు. మూడో లైను నుంచి నాలుగో లైను ఎలా వచ్చిందని చివరి బెంచీ వాడు అడిగినా సరే, చెప్పి తీరాలి. చెప్పలేకపోతే వాడు గెలిచినట్టే.

ఒకసారి హాల్టింగ్ ప్రాబ్లం చెబుతున్నాను. ఒక ప్రోగ్రాం, దానికిచ్చే ఇన్‌పుట్ ఇస్తే, అది ఎప్పటికైనా ఆగుతుందో ఆగదో కచ్చితంగా చెప్పే ప్రోగ్రాం రాయగలమా? ఒకమ్మాయి లేచింది. “ఒక రోజంతా రన్ చేద్దాం సార్. అప్పటికీ ఆగకపోతే ఇక ఆగదనుకుందాం.” మర్నాడు పొద్దున్నే ఆగితే? “అయితే రెండు రోజులు.” తరగతంతా నవ్వింది. ఆ అమ్మాయి కూర్చోలేదు. కాసేపు ఆలోచించి, “అంటే సార్, ఎన్ని రోజులు చూడాలో ముందే లెక్కగట్టే దారి ఉంటే చాలు కదా” అంది. అమ్మా, అసలు గుట్టు అదే! గడువు ముందే లెక్కగట్టగలిగితే ఆగుతుందో లేదో తేలిపోతుంది. అది తేలదు కాబట్టి ఏ ప్రోగ్రాముకైనా పనికొచ్చే గడువూ లెక్కగట్టలేం. పాఠ్యపుస్తకం తెరవకుండా ఆ పిల్ల అక్కడిదాకా వచ్చింది.

ఆ రోజు అనుకున్న పాఠం సాగలేదు. కోర్సు ఫైల్లో ఆ తేదీ ఎదురుగా గడి ఖాళీగా ఉందని నన్ను సంజాయిషీ అడిగారు. ఏ కాలేజీ అన్నది వద్దులెండి. నవ్వుతున్నారంటే మీ దగ్గరా ఇదే తంతు అన్నమాట.

అది ఎందుకు తేలదో రెండు ముక్కల్లో చెబుతాను, భయపడకండి. అలా జోస్యం చెప్పే ప్రోగ్రాం ఎవరో తెచ్చారనుకుందాం. దాన్ని లోపల పెట్టుకుని, ఎడ్డెం అంటే తెడ్డెం అనే ప్రోగ్రాం ఒకటి రాస్తాను. నువ్వు ఆగుతావు అంటే ఆగకుండా తిరుగుతుంది. ఆగవు అంటే టక్కున ఆగుతుంది. ఇప్పుడు దీని జాతకం చెప్పమంటే జోస్యం ఎటు చెప్పినా తప్పే. అంతే. బ్రిటిష్ గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ 1936లో ఈ పని చేసేనాటికి అతనికి 24 ఏళ్లు నిండలేదు. మనం వాడుతున్న కంప్యూటర్ అప్పటికి పుట్టనే లేదు.

“చేయలేమని తెలుసుకుంటే ఏం లాభం?” అంటారు. వేసవిలో మాకు అడ్మిషన్ల డ్యూటీ వేసేవారు. ఇంటర్ పిల్లల ఫోన్ నంబర్ల లిస్టు చేతికిచ్చి, ఇన్ని సీట్లు తేవాలని టార్గెట్. పల్నాడు వైపు ఒక మిర్చి రైతు ఇంటికెళ్లాను. మంచినీళ్లిచ్చి, “తమరేం చెబుతారు సార్?” అన్నాడు. ఏది చేయగలమో, ఏది ఎంత తంటాలు పడ్డా చేయలేమో చెబుతాను అన్నాను. “బోర్లేయించక ముందొచ్చి ఉంటే బాగుండేది సార్” అన్నాడు. మా అకడమిక్ కౌన్సిల్లో ఎవరికీ అర్థం కాని సంగతి ఆయనకి ఒక్క మాటలో అర్థమైంది. సీటు మాత్రం ఇంకో కాలేజీకి పోయింది.

ఇక మన పరిశోధన పత్రాల సంగతి. ఏటా ఇన్ని అచ్చేయించాలి, లేకపోతే ఇంక్రిమెంట్ రాదు. డబ్బు కడితే వారంలో వేసే పత్రికలున్నాయి, ఎందుకున్నాయో మనకి తెలుసు. 2002 ఆగస్టులో కాన్పూర్ ఐఐటీ నుంచి 9 పేజీల పత్రం ఒకటి బయటికొచ్చింది. ఒక సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అని, రుజువు కాని ఏ ఊహ మీదా ఆధారపడకుండా, అదృష్టాన్ని నమ్ముకుని పాచికలు వేయకుండా, పాలినామియల్ టైంలో, అంటే సంఖ్యలో అంకెలు పెరిగినా పట్టే టైం అదుపు తప్పకుండా, తేల్చే పద్ధతి అది. రాసింది మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా. చివరి ఇద్దరూ అప్పుడే బీటెక్ ముగించిన కుర్రాళ్లు. వాళ్ల బయోడేటాలో అప్పటికి పత్రాలెన్ని అని ఎవరైనా అడిగారా? ప్రపంచమంతా నాలుగో లైను ఎలా వచ్చిందనే చూసింది. వచ్చింది కాబట్టి ఒప్పుకుంది.

కృత్రిమ మేధ గురించి ఒక్క మాటైనా అనకపోతే బాగుండదు. ఇప్పుడు కోడ్ యంత్రమే రాసిస్తోంది. సరిగా రాసిందా లేదా అని తేల్చేవాడికే రేపు జీతం. ఆ విద్య ఇంపార్టెంట్ క్వశ్చన్లలో రాదు.

టైమైపోయిందని చేతి గడియారం చూపిస్తున్నారు. ముందు వరుసకి ఒక్క విన్నపం. వచ్చే మిడ్ పరీక్షలో ఏ ఆల్-ఇన్-వన్ గైడులోనూ లేని ప్రశ్న ఒక్కటివ్వండి. దొరక్కపోతే బ్రాడీపేటలోకి వెళ్లండి. లైన్లూ అడ్డరోడ్లూ గళ్ల నోట్‌బుక్కులా ఉన్నాయనుకోండి. నాలుగు లైన్లు, పది అడ్డరోడ్లు దాటాలి, వెనక్కి తిరక్కూడదు. ఎన్ని దారులు? 1001. ఇప్పుడు మధ్యలో ఒక కూడలిలో డ్రైనేజీ పని జరుగుతోంది, అటు పోనివ్వరు. మళ్లీ లెక్కపెట్టమనండి, ఎలా వచ్చిందో రాయమనండి.

ఒక్కో జవాబూ చదివి దిద్దాలంటే రాత్రిళ్లు సరిపోవు, తెలుసు. కట్టలు కట్టి నాకు పంపండి, నేను దిద్దుతాను. రిటైరయ్యాను, ఈ వేసవిలో అడ్మిషన్ల డ్యూటీ కూడా లేదు.