కొలంబియా గండి: జలపాతాలు, రహదారి, ఒక చట్టం

సభాధ్యక్షులకు, హనుమకొండ, వరంగల్ నుంచి వచ్చిన మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

కొండలను చీల్చుకొని నది పారే ఇరుకు దారిని గండి అంటాం. చెరువు కట్ట తెగినా గండి పడిందనే అంటాం. అమెరికాలో ఓరెగన్, వాషింగ్టన్ రాష్ట్రాల సరిహద్దుగా పారే కొలంబియా నది కాస్కేడ్ పర్వతాల నడుమ చేసుకున్న దారికి ఈ రెండు అర్థాలూ సరిపోతాయి. దాదాపు 130 కిలోమీటర్ల పొడవు, కొన్నిచోట్ల 1,200 మీటర్ల లోతు ఉన్న ఆ గండిని నది లక్షల ఏళ్లుగా కోస్తూ వచ్చినా, దాని గోడలను అంత నిటారుగా చెక్కినవి మాత్రం వరదలే. మంచుయుగం చివర, సుమారు 15 వేల ఏళ్ల కింద, ఇప్పటి మోంటానా ప్రాంతంలో హిమానీనదమే కట్టగా నిలిచి మిసౌలా అనే మహాసరస్సు ఏర్పడింది. ఆ మంచుకట్ట తెగడం, మళ్లీ కట్టుకోవడం, మళ్లీ తెగడం పదుల సార్లు జరిగింది. పాకాల, రామప్ప చెరువుల కింద సాగు చేసే ప్రాంతం వాళ్లం కనుక కట్ట తెగిన నీళ్లు ఏం చేస్తాయో మనకు విడమర్చి చెప్పనక్కరలేదు. అక్కడ కట్ట దగ్గర నీటి లోతు దాదాపు 600 మీటర్లు. ఆ వరదలు గండి అంచులను కోసుకుపోవడంతో పక్క కొండల వాగులు మెల్లగా దిగే దారి కోల్పోయి, ఎత్తు నుంచి నేరుగా దూకడం మొదలుపెట్టాయి. దక్షిణపు ఒడ్డున జలపాతాలు అంత దగ్గర దగ్గరగా ఉండటానికి కారణం ఇదే. వాటిలో పేరుపొందిన మల్ట్‌నోమా 620 అడుగుల ఎత్తు నుంచి రెండు అంచెలుగా దూకుతుంది. మన వాజేడు బొగతను దానితో పోల్చి చిన్నబుచ్చడం నాకిష్టం లేదు. బొగత అందం ఎత్తులో కాదు, వెడల్పులో ఉంది.

ఈ జలపాతాలను కలుపుతూ 1913లో మొదలై 1922లో పూర్తయిన రహదారిని శామ్యూల్ లాంకాస్టర్ అనే ఇంజనీరు రూపొందించాడు. వాలు 5 శాతం దాటకూడదన్న నియమానికి కట్టుబడి, క్రౌన్ పాయింట్ అనే శిఖరం నుంచి దిగేచోట కొండను తొలిచే బదులు రోడ్డునే మెలికలు తిప్పాడు. దారి తగ్గించడం కన్నా దారిలో కనిపించేదే ముఖ్యమనుకున్న ఇంజనీరు ఆ కాలంలోనే కాదు, ఏ కాలంలోనైనా అరుదు. తరువాత నది ఒడ్డు వెంట వేసిన వేగపు రహదారి వల్ల పాత రోడ్డు తునకలైంది. వదిలేసిన భాగాల్లో కొన్నింటిని ఇప్పుడు నడకకు, సైకిళ్లకు బాగుచేశారు.

1986 నవంబర్ 17న అధ్యక్షుడు రీగన్ సంతకంతో దాదాపు 2,92,500 ఎకరాలు జాతీయ సుందర ప్రాంతంగా రక్షణ పొందాయి. ఇది జాతీయ ఉద్యానవనం కాదు. 13 పట్టణాలను చట్టం తన నియమాల నుంచి మినహాయించింది. మిగతాచోట తోటలూ పొలాలూ సాగుతాయి, ఇళ్లూ కట్టుకోవచ్చు, కాని ముఖ్యమైన చోట్ల నుంచి చూసినప్పుడు ఆ ఇల్లు కొండ రంగులో కలిసిపోవాలి. మనుషులను ఖాళీ చేయించకుండా కొండను కాపాడిన ఈ పద్ధతి గురించి, ఏటూరునాగారం అభయారణ్యం పక్కన బతికే మనం శ్రద్ధగా ఆలోచించాలని నా అభిప్రాయం.

అయితే ఆ చట్టం కొందరికి ఆలస్యంగా వచ్చింది. గండి తూర్పు కొసన సెలైలో జలపాతం ఉండేది. యాకమా, వార్మ్ స్ప్రింగ్స్, యూమటిల్లా, నెజ్ పెర్స్ తెగలవారు రాళ్ల మీద చెక్క మంచెలు కట్టుకొని, పొడుగు కర్రల వలలతో అక్కడ సాల్మన్ చేపలు పట్టేవారు. వేల ఏళ్లుగా వివిధ తెగలు కలుసుకొనే పెద్ద సంత అది. 1957 మార్చి 10న ది డాల్స్ ఆనకట్ట గేట్లు మూసిన కొన్ని గంటల్లోనే జలపాతం మునిగిపోయింది. గోదావరి ఒడ్డు వాళ్లకు ముంపు అన్న మాట కొత్తది కాదు. 2008లో ధ్వని తరంగాలతో నది అడుగును కొలిచినప్పుడు, ఆ జలపాతపు రాళ్లు నీటి కింద చెక్కుచెదరకుండా ఉన్నట్టు తేలింది.