ఎస్ఎస్‌డీ కొనకముందు సిస్టమ్ పుట్టుపూర్వోత్తరాలు

అందరికీ నమస్కారం. మీసేవ కేంద్రాలు, డీటీపీ సెంటర్లు, ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణాలు నడిపేవాళ్లు ఇక్కడ ఎక్కువమంది ఉన్నారు కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను. హన్మకొండలో కంప్యూటర్ దుకాణానికి వెళ్లి మనం అడిగే మాట ఒక్కటే: "అన్నా, సిస్టమ్ స్లో అయింది, ఒక 512 ఎస్ఎస్‌డీ ఇవ్వు." ఎస్ఎస్‌డీ అంటే తిరిగే హార్డ్‌డిస్క్ బదులు చిప్పుల్లో డేటా దాచే డిస్క్. 512 అనేది జీబీల్లో దాని సైజు మాత్రమే. అది మీ సిస్టమ్‌లో పడుతుందా, పడితే పనిచేస్తుందా, పనిచేసినా దాన్నుంచి విండోస్ లేస్తుందా అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ప్యాకెట్ చింపాక వాపసు తీసుకోవడం కష్టం. అందుకే పైసలు పెట్టకముందే ఈ మూడూ తేల్చుకోవాలి.

మొదట మోడల్. "హెచ్‌పీ 15", "ఇన్‌స్పిరాన్" అంటే అది ఇంటిపేరు చెప్పినట్టే, మనిషి దొరకడు. ఒకే పేరుతో లోపల వేర్వేరు మదర్‌బోర్డులుంటాయి. ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద హెచ్‌పీకి ప్రొడక్ట్ నంబర్, డెల్‌కు ఏడు అక్షరాల సర్వీస్ ట్యాగ్ ఉంటాయి. స్టిక్కర్ అరిగిపోతే విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి ఎంఎస్ఇన్ఫో32 (msinfo32) అని కొట్టండి. అందులో సిస్టమ్ మోడల్, సిస్టమ్ ఎస్‌కేయూ, బేస్‌బోర్డ్ ప్రొడక్ట్, బయోస్ మోడ్ (బయోస్ అంటే విండోస్‌కన్నా ముందు లేచి డిస్కులను గుర్తించే ప్రోగ్రామ్) అనే నాలుగు వరుసలు ఫోన్లో ఫొటో తీసుకోండి. అసెంబుల్ చేసిన డెస్క్‌టాప్‌లో సిస్టమ్ మోడల్ దగ్గర "టు బీ ఫిల్డ్ బై ఓఈఎం" అని కనిపించవచ్చు. కంగారొద్దు, అక్కడ మనకు కావాల్సింది బేస్‌బోర్డ్, అంటే మదర్‌బోర్డు పేరు. దాంతో తయారీదారు సైట్లో మాన్యువల్ దొరుకుతుంది.

ఇప్పుడున్న డిస్క్ ఏంటో టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ కింద కనిపిస్తుంది. కానీ బోర్డు మీద ఖాళీ స్లాట్ ఉందో లేదో, ఉంటే ఏ రకమో అక్కడ తెలియదు. దానికి సర్వీస్ మాన్యువల్ చదవాలి, లేదా మూత తీసి చూడాలి. మూత తీసేముందు చార్జర్ పీకి, బ్యాటరీ కనెక్టర్ విప్పండి. మిర్చి యార్డు పక్కన నడిచే సిస్టమ్ అయితే బయటికి తెచ్చి దుమ్ము దులిపాకే విప్పండి.

ఎక్కువమంది దెబ్బతినేది ఎం.2 స్లాట్ దగ్గర, అంటే ఎస్ఎస్‌డీ కార్డును నేరుగా బోర్డుకు గుచ్చే చోట. చూయింగ్ గమ్ పట్టీలా ఉండే ఆ కార్డు మీద 2280 అని ఉంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. 2242 అయితే 42 పొడవు. స్లాట్ ఎదురుగా ఉన్న మరమేకు రంధ్రం ఎంత దూరంలో ఉందో చూసి కొనాలి. ఇక బంగారు పిన్నుల వైపు చూడండి. ఒకే గాటు ఉండి, దాని పక్కన అయిదు పిన్నులుంటే అది ఎం కీ (కీ అంటే గాటు ఉండే తీరు). ఎన్‌వీఎంఈ కార్డులు, అంటే పీసీఐఈ అనే వేగమైన దారిలో నడిచేవి, దాదాపు అన్నీ ఇవే. రెండు గాట్లుంటే బీ ప్లస్ ఎం, ఎక్కువగా సాటా (హార్డ్‌డిస్కులు వాడే పాత దారి) రకం. ఈ రెండు గాట్ల కార్డు ఎం కీ స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, స్క్రూ కూడా పడుతుంది. కానీ ఆ స్లాట్‌కు పీసీఐఈ లైన్లు మాత్రమే ఉంటే బయోస్‌లో దాని ఊసే ఉండదు. సాటా మాత్రమే ఉన్న స్లాట్‌లో ఎన్‌వీఎంఈ పెట్టినా అంతే. కార్డు చెడిపోయిందని దుకాణదారుతో గొడవపడితే లాభం లేదు, తప్పు జతలో ఉంది. పొట్టి వైఫై స్లాట్ చూసి ఖాళీ ఉందనుకోవద్దు, దాని కీ వేరు. డెస్క్‌టాప్ బోర్డుల్లో ఇంకో మెలిక ఉంది: ఎం.2 వాడితే ఒకటి రెండు సాటా పోర్టులు ఆగిపోయే బోర్డులున్నాయి. పాత డిస్క్ హఠాత్తుగా మాయమైతే వైరు ఇంకో పోర్టుకు మార్చి చూడండి.

బయోస్ మోడ్ దగ్గర లెగసీ (పాత పద్ధతిలో లేచేది) అని ఉన్న పాత డెస్క్‌టాప్‌లు ఆఫీసుల్లో ఇంకా నడుస్తున్నాయి. రెండో, మూడో జనరేషన్ ఐ3 బోర్డుకు అడాప్టర్ కార్డుతో ఎన్‌వీఎంఈ పెడితే విండోస్‌లో కనిపిస్తుంది గానీ, మామూలుగా దాన్నుంచి బూట్ కాదు. అలాంటివాటికి 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీయే సరైనది. డిస్క్ వివరాలు చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో ట్రాన్స్‌ఫర్ మోడ్ చూడండి: మొదటి అంకె ఇప్పుడు నడుస్తున్న వేగం, రెండోది డిస్క్ తట్టుకునే వేగం. పోర్టు సాటా 300 (పాత, తక్కువ వేగం రకం) అయినా వెనకాడొద్దు. విండోస్ నత్తనడకకు అసలు కారణం చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్లు చదవడం. 7200 ఆర్‌పీఎం హార్డ్‌డిస్క్ అలాంటివి సెకనుకు వంద దాకా చదివితే, ఎస్ఎస్‌డీ వేలల్లో చదువుతుంది. ఈ తేడా పాత పోర్టులోనూ దక్కుతుంది. నా మటుకు, ఇలాంటి సిస్టమ్‌కు ఖరీదైన ఎస్ఎస్‌డీ దండగ.

చిన్న సామాన్లే పని ఆపేస్తాయి. 2.5 అంగుళాల ఎస్ఎస్‌డీ మందం 7 మిల్లీమీటర్లు. 9.5 మిల్లీమీటర్ల డిస్క్ తీసిన చోట కదలకుండా స్పేసర్ పెట్టాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో డిస్క్ గది ఖాళీగా ఉన్నా లోపలి కేబుల్, బ్రాకెట్ ఇవ్వరు. అవి మోడల్‌ను బట్టి మారతాయి, ముందే దొరకబుచ్చుకోవాలి. ఎం.2 మరమేకు కూడా బోర్డు మీద ఉందో లేదో చూడండి. 32, 64 జీబీ ఈఎంఎంసీ ఉన్న చవక ల్యాప్‌టాప్‌లలో స్టోరేజీ బోర్డుకే అతికించి ఉంటుంది. వేరే స్లాట్ లేకపోతే వాటి మీద ఖర్చు పెట్టొద్దు.

పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి కాపీ (క్లోన్) చేసేముందు, డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, రికవరీ కీ కాగితం మీద రాసుకుని, దాన్ని సస్పెండ్ చేయండి. 11వ జనరేషన్, ఆపై ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో కొత్తగా విండోస్ ఎక్కిస్తుంటే డిస్కే కనిపించకపోవచ్చు. కారణం వీఎండీ అనే ఇంటెల్ స్టోరేజీ సదుపాయం. తయారీదారు సైట్లోని ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లోడ్ డ్రైవర్ నొక్కి అందిస్తే కనిపిస్తుంది. 512 కొంటే విండోస్ 476 అని చూపుతుంది, అది లెక్కల తేడా, మోసం కాదు. పాత డిస్క్‌ను వెంటనే ఫార్మాట్ చేయకండి. ట్యాలీ డేటా, ఫాంట్లు, ప్రింటర్ సెట్టింగులు, డిజిటల్ సంతకం అన్నీ కొత్తదాంట్లో పనిచేస్తున్నాయని ఒక నెల వాడి చూసుకున్నాకే దాని జోలికి వెళ్లండి.